కొత్తగా షిఫ్ట్ ఇన్‌చార్జి అయిన అమ్మాయికి

అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

జడ్చర్ల మందుల ప్లాంటులో, పౌడరును నొక్కి మాత్రలు చేసే టాబ్లెట్ కంప్రెషన్‌కి నిన్ను షిఫ్ట్ ఇన్‌చార్జిని చేశారని మీ నాన్న చెప్పాడు. ఒక్కో విడత తయారీ వివరాలు రాసే కాగితం బ్యాచ్ రికార్డులు తీసేసి స్క్రీన్ మీద నింపించడం కూడా ఇప్పుడే మొదలవుతోందట. రెండూ ఒకేసారి నీ మీద పడ్డాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. మిషన్ దగ్గర తేడా వస్తే ఆ కబురు ఎవరూ దాచకుండా, ఆలస్యం కాకుండా నీ దాకా రావాలి. ఇన్‌చార్జి పనిలో పెద్ద భాగం ఇదే. కింద రాసినవన్నీ దాని కోసమే.

మొదటి రెండు వారాలు ఏదీ మార్చకు. షిఫ్టుకి ఒకరి చొప్పున ప్రతి ఆపరేటర్‌తో ఇరవై నిమిషాలు విడిగా కూర్చో. మూడే అడుగు: ఈ పనిలో మీ టైము ఎక్కడ వృథా అవుతోంది? తరచూ ఏది మొరాయిస్తుంది, అప్పుడు మీరేం చేస్తారు? పాత ఇన్‌చార్జి చేసిన వాటిలో ఏది ఆగకూడదు? చెప్పినవి వాళ్ల ముందే రాసుకో. వాటిలో చిన్నదొకటి, సరైన సైజు గౌను దొరక్కపోవడం లాంటిది, వారంలోపు తీర్చు. అది తీరకపోతే నాలుగో మనిషి నీకేమీ చెప్పడు. రాత్రి నడిచే సీ షిఫ్టులో ఈ మాటలు పదకొండున్నరకి, మిషన్లన్నీ సర్దుకున్నాక పెట్టుకో. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా నిద్ర ముంచుకొచ్చే వేళ, అప్పుడు నువ్వు ఫ్లోర్ మీద తిరుగుతూ ఉండు. కాంట్రాక్టు వాళ్లతో కూడా మాట్లాడు. మిషన్ తుడిచేది వాళ్లే, పౌడరు కారుతుంటే ముందు కనపడేదీ వాళ్లకే.

అందరినీ 'గారు' అనే పిలువు. నీ తండ్రి వయసు ఆపరేటర్‌నీ, నిన్న చేరిన హెల్పర్‌నీ ఒకేలా. తప్పు చెప్పాల్సి వస్తే పక్కకు పిలిచి చెప్పు.

ఇక హ్యాండోవర్, అంటే వెళ్లే షిఫ్టు వచ్చే షిఫ్టుకి పని అప్పజెప్పడం. షిఫ్టు గొడవల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది. రెండుకి షిఫ్టు మారుతుంది, రెండుంబావుకి బస్సు కదులుతుంది. ఆ మధ్యలో గౌను విప్పాలి, బట్టలు మార్చుకోవాలి. అందుకే "అంతా ఓకే" అని ఒక ముక్క చెప్పి వెళ్లిపోతారు. దానికి మనుషుల్ని తిట్టి లాభం లేదు, వచ్చే షిఫ్టు వాళ్లను పదిహేను నిమిషాలు ముందు లోపలికి రప్పించమనీ, లేకపోతే బస్సు వెనక్కి జరపమనీ మేనేజర్‌ని అడుగు. హ్యాండోవర్ నీ టేబుల్ దగ్గర పెట్టకు, మిషన్ దగ్గరే జరగాలి. బ్యాచ్ ఏ దశలో ఉంది, ఏ సెట్టింగు ఎందుకు మార్చారు, ఏ సమస్య తేలకుండా ఉంది, దేన్ని ముట్టుకోకూడదు - ఈ నాలుగూ వెళ్లే మనిషి చెప్పాలి, వచ్చిన మనిషి తిరిగి అప్పజెప్పాలి. ఆ తిరిగి చెప్పడంలోనే వినని ముక్క బయటపడుతుంది.

స్క్రీన్ సంగతి. పెద్దవాళ్లకు కంప్యూటర్ అంటే భయమని అందరూ అంటారు. నా లెక్కలో అసలు భయం టైము మీద. అరగంటకోసారి తూయాల్సిన బరువును ఒక్కోచోట గంటన్నర తర్వాత మూడు గళ్లూ కలిపి నింపే అలవాటు ఉంటుంది, స్క్రీన్ అయితే ఎప్పుడు నింపారో అదే నమోదు చేస్తుంది. ఇంకో ప్రమాదం, టైపింగు నెమ్మదైన మనిషి పక్కవాడికి తన పాస్‌వర్డ్ ఇచ్చేయడం. అమెరికాలో మందుల నియంత్రణ చూసే సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన పార్ట్ 11 నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ సంతకం ఒక్క మనిషిదే అయి ఉండాలి, ఇంకొకరు వాడకూడదు. మన దేశంలో ఎన్నో ప్లాంట్లకు ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు వచ్చింది ఇలాంటి రికార్డుల తేడాల మీదే. ఈ కారణాన్ని ఆపరేటర్లకు దాచకుండా చెప్పు. కారణం తెలియని నియమాన్ని రాత్రి షిఫ్టులో ఎవరూ పాటించరు.

నేర్పడానికి నలభై మందిని హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే ఏమీ నిలవదు. 1940లలో యుద్ధకాలపు అమెరికా ఫ్యాక్టరీల్లో కొత్తవాళ్లకు పని నేర్పిన నాలుగు మెట్ల పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది: మనిషిని సిద్ధం చెయ్యి, చేసి చూపించు, చేయించు, తర్వాత వెంట ఉండి చూడు. ఒక స్క్రీన్ దగ్గర ఇద్దరే ఉండాలి, నిజం బ్యాచ్ కాకుండా ట్రైనింగ్ బ్యాచ్ మీద చేయించు. చేస్తూ ఆ గడి ఎందుకో తన మాటల్లో చెప్పించు. మూడుసార్లు తప్పు లేకుండా చేశాకే ట్రైనింగ్ రికార్డు మీద సంతకం. మొదటి మూడు రోజులు గంటకోసారి చూడు, తర్వాత షిఫ్టుకోసారి చాలు. తెలుగు, హిందీ, ఒడియా వాళ్లుంటే మూడింటిలోనూ స్క్రీన్ పక్కన పెట్టే కార్డు రాయించి, నాణ్యత చూసే క్యూఏ విభాగం ఆమోదం తీసుకో.

చురుకైన కుర్రాణ్ణి అందరికీ మాస్టారుగా పెట్టాలనిపిస్తుంది. వద్దు. పెద్దవాళ్లు అడగడానికి సిగ్గుపడి పాస్‌వర్డ్ ఇచ్చేస్తారు. టాబ్లెట్ పైపొర లేచిపోయే క్యాపింగ్‌ను వేళ్లతోనే పసిగట్టే సీనియర్‌ని, స్క్రీన్ తెలిసిన కుర్రాణ్ణి ఒకే మిషన్ మీద వారం ఉంచు. ఇద్దరూ గురువులే అయినప్పుడు ఎవరికీ చిన్నతనం ఉండదు.

ఎవరైనా వచ్చి తేడా చెప్పినప్పుడు మొదటి నిమిషం చాలా ముఖ్యం. టాబ్లెట్ బరువు 500 మిల్లీగ్రాములు, సగటు హద్దు 490 నుంచి 510 అనుకో. తెల్లవారుజామున ఆపరేటర్ వచ్చి సగటు 486కి పడిందన్నాడు. "చెప్పి మంచి పని చేశారు" అని మిషన్ ఆపించు. ఎవరు చేశారని అడగకు, చివరిసారి సరిగ్గా ఉన్న చెక్ ఎప్పటిదో అడుగు. ఆ చెక్ తర్వాత పడిన టాబ్లెట్లన్నీ వేరే డబ్బాలోకి తీయించి, లేబుల్ వేయించి, క్యూఏకి ఫోన్ చెయ్యి, ఆ టైమే రాయించు. తర్వాత పౌడరు పోసే గరాటు లాంటి హాపర్‌లో మట్టం, పౌడరును అచ్చుల్లోకి పంపే ఫీడర్ వేగం, టాబ్లెట్‌ను కింది నుంచి నొక్కే పంచ్‌లు పౌడరు పట్టి బిగుసుకున్నాయా అని వరసగా చూడు. తేడా మీద రాసే డివియేషన్ రిపోర్టులో 'ఆపరేటర్ పొరపాటు, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాం' అని ముగించకు. ఆ పొరపాటుకి వీలెలా కలిగిందో రాయి. లేకపోతే నెల తిరక్కుండా అదే తేడా ఇంకొకరి పేరుతో వస్తుంది.

ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రి వార్డుల మీద 1996లో ప్రచురించిన అధ్యయనంలో, మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. అక్కడి వాళ్లు భయపడకుండా చెబుతున్నారని తర్వాత అర్థమైంది. నీ షిఫ్టులోనూ మొదటి నెలల్లో నమోదయ్యే తేడాలు పెరగొచ్చు. మేనేజర్‌కి ఆ మాట ముందే చెప్పి పెట్టుకో.

పైవాళ్లతో అంకెల్లో మాట్లాడు. "మనుషులు ఒప్పుకోవట్లేదు" అంటే నీదే తప్పంటారు. కాగితం మీద ఒక ఎంట్రీకి నిమిషం, స్క్రీన్ మీద నాలుగు నిమిషాలు పడుతోందనుకో. అరగంటకొకటి చొప్పున షిఫ్టుకి పదహారు ఎంట్రీలు, అంటే నలభై ఎనిమిది నిమిషాలు అదనం. స్టాప్‌వాచ్ పెట్టి నీ మిషన్ల లెక్క తీసి, రెండో టెర్మినల్ అడుగు.

మూడో నెలకల్లా నీ తర్వాతి మనిషిని తయారు చెయ్యి. వారానికి ఒక షిఫ్టు హ్యాండోవర్ అతనికే అప్పగించి, నువ్వు వెనక నిలబడి విను, మధ్యలో అందుకోకు. అలా నాలుగు వారాలు సాఫీగా జరిగాకే పండక్కి సెలవు పెట్టుకో.

ఇట్లు,
పెదనాన్న