జనాభా లెక్కల్లో మన పేరు తప్పిపోతే పోయేదేమిటి? 2011లో ఇల్లిల్లూ తిరిగిన అనుభవంతో నా జవాబు

మీరు అడిగింది ఇది: "హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. జనాభా లెక్కలకు సొంతూరు వెళ్లి రాయించుకుంటేనే మంచిదని నాన్న అంటున్నారు. నిజమేనా? అసలు వివరాలు ఇవ్వకపోతే మనకేం పోతుంది?"

నేను రిటైరైన ప్రభుత్వ టీచర్ని. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లాలో ఎన్యూమరేటర్‌గా, అంటే ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకునే మనిషిగా పనిచేశాను. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అందులోనే మొదటిదానికీ దొరుకుతుంది.

లెక్క రాయమని నాకు అప్పగించిన బ్లాకులో ఒక ఊరి చివరి రెండు వీధులు, అక్కడికి కిలోమీటరున్నర దూరంలో ఒక లంబాడా తండా ఉండేవి. 2010 ఎండాకాలంలో ఇళ్ల లెక్క రాసినప్పుడు తండాలో నూట నాలుగు ఇళ్లకు నంబర్లు వేశాను. మనుషుల లెక్క 2011 ఫిబ్రవరి 9న మొదలై 28 దాకా జరిగింది. ఆ నంబర్లు పట్టుకుని మళ్లీ వెళితే ముప్పై ఏడు ఇళ్లు మూసి ఉన్నాయి. కొన్నింటికి తాళం కూడా లేదు, గొళ్లేనికి చీర పేలిక ముడేసి వెళ్లారు. దసరా కాగానే గుంపు మేస్త్రి అడ్వాన్సులిచ్చి కొందరిని పూణె వైపు, కొందరిని ముంబై వైపు తీసుకెళ్లాడు. పాలమూరు వలస గురించి వినే ఉంటారు. తండాలో ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన పిల్లలు మిగిలారు.

ఒక అవ్వ నా పుస్తకం మీద చెయ్యి పెట్టి, "నా కొడుకుల పేర్లు గూడ రాయి సార్, వాళ్లు ఈ ఇంటోళ్లే గదా" అంది. రాయడానికి వీల్లేదు. ఆ ఇరవై రోజుల్లో ఒక్కరోజైనా ఇంటి పట్టున ఉంటే రాయొచ్చు. గడువంతా బయటే ఉన్నవాళ్లను వాళ్లు ఉన్నచోటి ఎన్యూమరేటర్ రాసుకోవాలి. రూలు సరైనదే, ఒకే మనిషి రెండు చోట్ల లెక్కలో పడకూడదు కదా. "పూణెలో రాసుకుంటారులే అవ్వా" అని చెప్పి వచ్చాను. ఆ మాట నిజమనే అనుకున్నాను.

తొలకరికి వాళ్లు తిరిగొచ్చాక అవ్వ పెద్దకొడుకు బడి దగ్గర కనిపించాడు. మిమ్మల్ని రాసుకున్నారా అని అడిగాను. "ఎవ్వరు రాలే సార్. మా గుడిసెలు గేటు లోపల ఉంటయి. వాచ్‌మన్ ఎవ్వర్ని లోపలికి రానియ్యడు" అన్నాడు. తర్వాత ఇంకో ఏడెనిమిది కుటుంబాలను అడిగాను. రెండు కుటుంబాలను మాత్రమే ఎవరో వచ్చి రాసుకున్నారట. మిగతావాళ్లు ఊళ్లో లేరు, పూణెలో లేరు. దేశ జనాభా 121 కోట్లని పేపర్లో చదివినప్పుడల్లా ఆ అవ్వ చెయ్యే గుర్తొస్తుంది నాకు.

ఇది మా ఒక్క తండా సంగతి కాదు. లెక్కలు పూర్తయ్యాక ఎంతమంది తప్పిపోయారో చూడటానికి ప్రభుత్వమే మళ్లీ ఒక శాంపిల్ సర్వే చేయిస్తుంది. 2011లో వెయ్యికి 23 మంది చొప్పున లెక్కకు రాలేదని అందులో తేలింది. దేశం మొత్తానికి వేసుకుంటే రెండున్నర కోట్లు దాటుతుంది.

ఇక దానివల్ల పోయేది ఏమిటంటే, మన దగ్గర చాలా పనులకు జనాభా మీద ఒక గీత ఉంటుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద తారురోడ్డు పడాలంటే మైదాన ప్రాంతంలో ఆ ఆవాసంలో 500 మంది ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 చాలు. ఆ పథకం నాలుగో దశకు తీసుకున్నది 2011 లెక్కే. ఆరోగ్య ఉపకేంద్రానికి మైదానంలో 5 వేలు, గిరిజన ప్రాంతంలో 3 వేలు అనే లెక్క ఉంది. అంగన్‌వాడీకి 400 నుంచి 800 జనాభా, అంతకంటే చిన్న ఆవాసమైతే మినీ అంగన్‌వాడీ ఇచ్చేవారు. 2018లో తెలంగాణలో తండాలను గ్రామ పంచాయతీలు చేసినప్పుడూ 500 దగ్గరే గీత గీశారు. పక్క తండా పంచాయతీ అయింది. నేను తిరిగిన తండా కాలేదు. మూసి ఉన్న ఆ ముప్పై ఏడు ఇళ్లే కారణమని నేను రుజువు చేయలేను. కానీ ఆ ఇళ్లవాళ్లు కూడా ఉంటే నా పుస్తకంలో తండా మొత్తం 500 దాటేది. అది మాత్రం ఖాయం.

రేషన్ సంగతి కూడా చూడండి. 2013 ఆహార భద్రత చట్టం కింద పల్లెల్లో 75 శాతం దాకా, పట్టణాల్లో 50 శాతం దాకా జనానికి రేషన్ బియ్యం, గోధుమలు ఇవ్వాలి. దేశం మొత్తానికి 81 కోట్ల పైచిలుకు అని లెక్క కట్టింది 2011 జనాభా మీదే. కోవిడ్ వల్ల 2021 లెక్కలు వాయిదా పడ్డాయి కాబట్టి రాష్ట్రాల కోటా ఆ పాత అంకె దగ్గరే ఆగింది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు హైస్కూలుకు వచ్చేశారు, కోటా లెక్కలో వాళ్లు లేరు. అసెంబ్లీ, లోక్‌సభల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వుడు సీట్లు ఎన్నో తేలేది కూడా జనాభా లెక్కలతోనే.

మనిషి పేరు ఎక్కినా, చెప్పే జవాబు తప్పైతే మళ్లీ నష్టమే. అదే ఊళ్లో ఒక ఇంట్లో మామగారు అరుగు మీద కూర్చుని అందరి వివరాలూ తనే చెబుతున్నాడు. "కోడలు ఏం పని చేస్తుంది?" అన్నాను. "ఏం చెయ్యదు సార్, ఇంట్లనే ఉంటది" అన్నాడు. ఆ అమ్మాయి గుమ్మంలోనే ఉంది. ఒళ్లో చాట, పక్కన పల్లికాయ కుప్ప. మాట్లాడుతున్నంతసేపూ కాయలు ఒలుస్తూనే ఉంది, బొటనవేళ్ల చర్మం లేచిపోయింది. కూలికి ఒలుస్తోంది. దానికి ముందు వానాకాలమంతా కలుపు తీసింది, పత్తి ఏరింది. ఆరు నెలలు దాటితే పూర్తికాలం పని కింద రాయాలి. అడిగి అడిగి రాసుకున్నాను. ఆడవాళ్ల పని గురించి గుచ్చి గుచ్చి అడగమని ట్రైనింగ్‌లో చెప్పారు, ఎందుకు చెప్పారో అక్కడ అర్థమైంది. అంత అడిగినా, ఆ ఏడాది దేశంలో పనిచేసే ఆడవాళ్లు 25.5 శాతమే అని వచ్చింది. పల్లెటూళ్లో పెరిగినవాళ్లెవరైనా ఆ అంకెను నమ్మగలరా?

మాతృభాష గడి దగ్గరా ఇంతే. తండాలో మొదటి పది ఇళ్లు "తెలుగు" అనే చెప్పాయి, నేనూ రాసేశాను. పదకొండో ఇంట్లో ఒక చిన్నపిల్ల "యాడీ" అని పిలుస్తూ తల్లి దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. ఆమె తమ లంబాడా భాష గోర్ బోలిలో ఏదో చెప్పి పంపింది. అప్పుడు కలం ఆపి, "ఇంట్లో మాట్లాడేది ఏ భాష?" అని అడగడం మొదలుపెట్టాను, వెనక్కి వెళ్లి పది ఇళ్లూ మళ్లీ అడిగాను. సార్‌తో తెలుగులో మాట్లాడుతున్నాం కాబట్టి తెలుగే చెప్పాలనుకున్నారట. తెలుగువాళ్లకు కూడా ఇది పట్టాల్సిన విషయమే. 2001లో దేశంలో మూడో స్థానంలో ఉన్న తెలుగు 2011లో మరాఠీ వెనక్కి, నాలుగో స్థానానికి వెళ్లింది. భివండీ, సూరత్, చెన్నై, బెంగళూరుల్లో స్థిరపడిన మనవాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయితే ఆ గడిలో తెలుగని చెప్పాలి.

వివరాలిస్తే రేషన్ కార్డు పోతుందేమో, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లొస్తారేమో అనే టెన్షన్ చాలామందికి ఉంటుంది. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీరు చెప్పిన వివరాలు ఎవరూ తీసి చూడటానికి లేదు, సాక్ష్యంగా కోర్టులో పెట్టడానికీ లేదు. కాగితాలు చూపించాల్సిన పని లేదు, మీరు చెప్పిందే రాసుకుంటారు. అందుకే వికలాంగులైన పిల్లల సంగతి దాచొద్దని ప్రతి ఇంట్లోనూ చెప్పేవాణ్ణి. ఒక తల్లి పుస్తకం మూసేశాక గేటు దాకా వచ్చి, లోపల ఇంకో బాబు ఉన్నాడని చెప్పింది. మళ్లీ తెరిచి రాశాను.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయన మనసులో ఉన్నది బహుశా 2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వే. దానికోసం బస్సులు, రైళ్లు కిక్కిరిసి, ముంబై, సూరత్ నుంచి కూడా జనం ఊళ్లకు వచ్చారు. అది రాష్ట్ర ప్రభుత్వం పథకాల కోసం చేసిన సర్వే. జనాభా లెక్కలు వేరు. మీరు ఎక్కడ ఉంటున్నారో అక్కడే రాయించుకోవాలి. మీ కాలనీలో మంచినీళ్లు తాగేది మీరు, బస్సు ఎక్కేది మీరు, మీ పిల్లలు చదివేది ఆ బడిలో. మీరంతా ఊళ్లో రాయించుకుంటే నగరంలో ఆ కాలనీ కాగితం మీద సగం ఖాళీగా కనిపిస్తుంది. అమ్మానాన్నలు ఊళ్లో ఉంటే వాళ్ల పేర్లు అక్కడ, మీ పేర్లు ఇక్కడ.

ఈసారి లెక్కలకు ప్రామాణిక సమయం, అంటే ఏ క్షణానికి ఉన్న జనాభాను లెక్కలోకి తీసుకుంటారో అది, 2027 మార్చి 1, సున్నా గంటలు అని 2025 జూన్ 16న గెజెట్ వచ్చింది. మొబైల్ యాప్‌లో ఎక్కిస్తారు, కావాలంటే మనమే నింపుకోవచ్చు కూడా. 1931 తర్వాత మొదటిసారి అన్ని కులాల వివరాలూ అడుగుతున్నారు. కాబట్టి ఇంట్లో ఎవరు జవాబు చెప్పాలో ముందే మాట్లాడుకోండి, ఆడవాళ్లను కూడా దగ్గర కూర్చోబెట్టుకోండి.

ఇంకొక్క సాయం చేయండి. మీ ఇంటి చుట్టుపక్కల కడుతున్న బిల్డింగు ఏదో ఒకటి ఉండే ఉంటుంది, దాని గేటు లోపల రేకుల షెడ్లు ఉంటాయి. ఎన్యూమరేటర్ మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ షెడ్లు ఎవరి బ్లాకులో పడ్డాయో అడగండి. ఎవరి బ్లాకులోనూ లేకపోతే సూపర్‌వైజర్ నంబరు తీసుకుని చెప్పండి. వాచ్‌మన్‌కు కూడా ఒక మాట చెప్పి పెట్టండి, లెక్కలవాళ్లు వస్తే గేటు తీయమని.