మేడ మీద సోలార్: దరఖాస్తు ఎక్కడ ఆగుతోంది?

ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టించుకునేవారికి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతుల్లో ఎదురవుతున్న చిక్కుల మీద పాఠకులు అడిగిన ప్రశ్నలు, వాటికి జవాబులు.

ప్రశ్న: మాది ఏలూరు. కరెంటు సర్వీసు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి నాలుగేళ్లయింది. 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామంటే వెండరు (సోలార్ అమ్మి బిగించేవాడు) "పేరు సంగతి తర్వాత చూద్దాం, ముందు అడ్వాన్సు ఇవ్వండి" అంటున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి. ఇళ్ల సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం పోర్టల్‌లో సర్వీసు నంబరు కొట్టగానే డిస్కం రికార్డులో ఉన్న పేరే వస్తుంది. దరఖాస్తు, వెండరుతో ఒప్పందం, నెట్ మీటర్ (లైన్లోంచి తీసుకున్న కరెంటునూ, లైన్లోకి పంపినదాన్నీ విడిగా లెక్కించే మీటర్) ఒప్పందం, చివరికి సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా, అన్నీ ఆ పేరు వెంటే నడుస్తాయి. మొదటి 2 కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ మీకు రావాలి. మేడ మీద ప్లేట్లు బిగించాక ఆ డబ్బు పేరు దగ్గర ఆగిపోతే, ఆ తంటా మీదే గానీ వెండరుది కాదు.

ముందు సర్వీసు పేరు మార్పుకు పెట్టండి. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న అఫిడవిట్, ఇంటిపన్ను రసీదు, మీ ఆధార్ దగ్గర పెట్టుకోండి. బాకీ బిల్లు ఉంటే ముందే కట్టేయండి. అక్కచెల్లెళ్లు వేరే ఊళ్లో ఉంటే ఆ అఫిడవిట్ దగ్గరే ఎక్కువ రోజులు పడతాయి కాబట్టి దానితోనే మొదలుపెట్టండి.

ఇంకో సంగతి. బిల్లు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, బ్యాంకు పాసుపుస్తకంలో పూర్తిగా ఉంటుంది. చూడ్డానికి చిన్న తేడా. సబ్సిడీ దరఖాస్తు వెనక్కి వచ్చేది చాలాసార్లు దీనివల్లే. ఎలాగూ పేరు మారుస్తున్నారు కాబట్టి ఆధార్‌లో, బ్యాంకులో ఎలా ఉందో సర్వీసుకూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించండి.

ప్రశ్న: హనుమకొండ. మా సర్వీసు లోడు 2 కిలోవాట్లు. 4 కిలోవాట్లకు దరఖాస్తు పెట్టాం. ట్రాన్స్‌ఫార్మర్ నిండిపోయిందని, ఫీజిబిలిటీ (మా లైను సోలార్‌ను తట్టుకుంటుందన్న సాంకేతిక ఆమోదం) రాలేదని, లోడు పెంచుకుని రమ్మని చెబుతున్నారు. ఎన్నాళ్లు తిరగాలి?

జవాబు: ఇది తిరగాల్సిన పనే కాదు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను కేంద్రం 2024 ఫిబ్రవరిలో సవరించింది. దాని ప్రకారం 10 కిలోవాట్ల లోపు పైకప్పు సోలార్‌కు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు. కాగితాలన్నీ సరిగా ఉన్న దరఖాస్తును ఆమోదించినట్టే లెక్కించాలి. అందుకు తగ్గట్టు లోడు పెంచాల్సి వస్తే ఆ పని డిస్కమే చేయాలి. 5 కిలోవాట్ల వరకు లైను, ట్రాన్స్‌ఫార్మర్ బలపరచాల్సి వచ్చినా ఆ ఖర్చు కూడా డిస్కందే. మీ 4 కిలోవాట్లు ఈ రెండు హద్దుల్లోనూ ఉన్నాయి.

పై అధికారులు పోర్టల్‌లో మార్పులు చేసినా, సెక్షన్ ఆఫీసుల్లో చాలాచోట్ల పాత అలవాటే నడుస్తోంది. అందుకే నోటిమాటతో ఊరుకోకండి. దరఖాస్తు నంబరు, తేదీ వేసి, ఆ నియమం పేరు రాసి, "నా దరఖాస్తు ఆమోదించినట్టే కదా, కాకపోతే కారణం రాసివ్వండి" అని సెక్షన్ ఆఫీసు ఇంజినీరు అయిన ఏఈకి ఒక కాగితం ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. కదలకపోతే 1912కి ఫిర్యాదు చేసి నంబరు రాసుకోండి. తర్వాత ఏఈ పై అధికారి ఏడీఈ, ఆపైన డిస్కంలోనే ఉండే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. వేదిక దాకా వెళ్లడానికి వకీలు అవసరం లేదు. కాగితాలు తేదీల వరసలో ఉంటే చాలు.

లోడు పెరిగితే కిలోవాట్‌కు ఇంత అని పడే ఫిక్స్‌డ్ చార్జీ కూడా పెరుగుతుంది, అది న్యాయమే. రసీదు ఇవ్వని డబ్బు మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ప్రశ్న: మచిలీపట్నం. ప్లేట్లు బిగించి నెలన్నర. నెట్ మీటర్ రాలేదు. ఎండ వృథా అవుతోందని, స్విచ్ వేసుకోమని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు.

జవాబు: వద్దు. పాత మీటర్లు చాలావరకు కరెంటు ఏ దిక్కుకు పోయినా ముందుకే తిరుగుతాయి. మధ్యాహ్నం మీరు లైన్లోకి పంపే యూనిట్లన్నీ మీరు వాడుకున్నట్టే నమోదై బిల్లు పెరుగుతుంది. పైగా అనుమతి లేకుండా లైన్లోకి కరెంటు ఎక్కించడం నేరం కిందకు రావచ్చు.

బిగింపు పూర్తయిందన్న పత్రం ఇచ్చిన రోజు నుంచి 15 రోజుల్లో ఒప్పందం, మీటర్, కనెక్షన్ అయిపోవాలని పైన చెప్పిన వినియోగదారుల హక్కుల నియమాలే చెబుతున్నాయి. కాబట్టి ముందు ఆ పత్రాన్ని మీ వెండరు నిజంగా అప్‌లోడ్ చేశాడో లేదో పోర్టల్‌లో మీరే తెరిచి చూడండి. ఆలస్యం చాలాసార్లు అక్కడే ఉంటుంది. ప్లేట్ల వెనక స్టిక్కరు మీద నంబర్లకూ అప్‌లోడ్ చేసిన నంబర్లకూ ఒక్క అంకె తేడా ఉన్నా ఆగిపోతుంది. ప్లేట్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవి కాకపోతే సబ్సిడీయే రాదు. మీటర్ బయట కొని తెచ్చి ఉంటే డిస్కం ల్యాబ్‌లో పరీక్ష అయ్యిందో లేదో అడగండి.

తనిఖీకి వచ్చినప్పుడు మెయిన్ ఆపితే ఇన్వర్టర్ (ప్లేట్ల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె) వెంటనే ఆగాలి. ఎర్తింగ్ మూడు వేర్వేరు గుంతలు: డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. ఎర్తింగ్ నిరోధం 5 ఓమ్‌లు దాటకూడదు. ఖర్చు తగ్గుతుందని మూడు తీగలూ ఒకే గుంతలోకి దింపుతారు. తనిఖీలో అది దొరికితే మళ్లీ మొదటికొస్తుంది. దొరక్కపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే పిడుగు కడ్డీ మీద పడ్డ కరెంటు అదే తీగ వెంట ఇన్వర్టర్ దాకా వస్తుంది.

మీది తుపాను తీరం కనక ఇంకొక్క మాట. భారత ప్రమాణాల్లో విజయవాడ, విశాఖలకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా, అంటే గంటకు 180 కిలోమీటర్లుగా లెక్కవేస్తారు. హైదరాబాద్‌కు అది 44 మీటర్లే. హైదరాబాద్ లెక్కతో చేసిన, ప్లేట్లను నిలబెట్టే ఇనుప స్ట్రక్చర్ మీకు చాలదు. డ్రాయింగ్ మీద ఏ వేగం రాశారో చూశాకే చివరి వాయిదా ఇవ్వండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. లిఫ్టు, మోటార్లకు సోలార్ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఫ్లాటుకు 3 కిలోవాట్లు, మొత్తం మీద 500 కిలోవాట్లు దాటకూడదు. కామన్ మీటరు అసోసియేషన్ పేరు మీద ఉండాలి. ఇప్పటికీ బిల్డరు పేరు మీదే ఉంటే ముందు దాన్ని మార్పించండి. మేడ అందరిదీ కాబట్టి తీర్మానం రాసి సంతకాలు తీసుకోండి. 10 కిలోవాట్లు దాటితే సాంకేతిక పరిశీలన ఉంటుంది. దానికి గడువు 15 రోజులు, అది దాటితే ఆమోదించినట్టే. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు కావాలి. వాటర్ ట్యాంకు నీడ పడే జాగాను అందులో కలపకండి.

ప్రశ్న: సోలార్ ఉంటే కరెంటు పోయినా ఇంట్లో లైట్లు వెలుగుతాయా?

జవాబు: బ్యాటరీ లేని నెట్ మీటర్ పద్ధతిలో వెలగవు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. కోతలు ఎక్కువున్న ఊళ్లో బ్యాటరీతో కలిపిన హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలని దరఖాస్తు పెట్టేటప్పుడే చెప్పండి. తర్వాత మారిస్తే కొత్త ఇన్వర్టర్ నంబరుతో కాగితాలన్నీ మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది.