‘వందేళ్ల నాటి పెనం’ అని రాసి అమ్మితే ఆ మాటకు బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పాత ఇనుప సామాను కొట్లలోనూ, కారైక్కుడి పాతసామాన్ల అంగళ్లలోనూ దొరికే పోత ఇనుప పెనాలు, మూకుళ్లు కొని, తుప్పు వదిలించి, నూనె పట్టించి రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ప్రతి దానికీ నా పేరు చెక్కిన చిన్న ఇత్తడి బిళ్ల కడతాను. ‘వంటకైనా సేకరణకైనా సిద్ధం, తరతరాలు మన్నుతుంది’ అని ప్రకటనలో రాస్తాను. బిల్లులు ఇవ్వను. కాకినాడ ఆవిడ ఒకరు నా దగ్గర కొన్న మూకుడులో మూడోసారి గారెలు వేస్తుండగా అది బీటవారి విరిగి, కాగిన నూనె చేతిమీద పడిందని, 3 లక్షల రూపాయలు చెల్లించాలని లాయరు నోటీసు పంపించారు. నిజం చెప్పాలంటే ఆ మూకుడు తోమేటప్పుడు అంచు దగ్గర వెంట్రుకవాసి గీత ఉన్నట్టు అనుమానం వచ్చింది కాని, నూనె పట్టించాక కనపడలేదు. ఇంకొకటి, అమెరికాలో ఉన్న మా తమ్ముడు తెచ్చి ఇచ్చిన గ్రిస్వోల్డ్ కంపెనీ ఎనిమిదో నంబరు పెనాన్ని ‘వందేళ్లు దాటినది’ అని రాసి హైదరాబాదులోని ఒక సేకర్తకు 18,000 రూపాయలకు అమ్మాను. అది అంత పాతది కాదని ఆయన ఇరవై రోజులకే డబ్బు వాపసు అడుగుతున్నారు. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి రెండు పెనాలు పంపబోతే, అవి పురావస్తువులు కావన్న పత్రం కావాలని కొరియరువారు అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ఈ మూడు చిక్కులూ మూడు వేర్వేరు చట్టాల కిందికి వచ్చినా, మూడింటికీ మూలం మీరు ప్రకటనలో రాసిన మాటలే. ‘వంటకు సిద్ధం’, ‘తరతరాలు మన్నుతుంది’, ‘వందేళ్లు దాటినది’ అనేవి మీ మనసులో సరుకు మీద ప్రేమతో వచ్చిన మాటలు కావచ్చు. కొన్నవారి చేతిలో మాత్రం అవి హామీలు. రేపు వినియోగదారుల కమిషన్ ముందు మొదట చదివి వినిపించేది కూడా వాటినే.

ముందుగా కాకినాడ నోటీసు సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ ఒక మనిషి చేయి కాలింది. ‘నేను చేసింది కాదు, పాతది తోమి అమ్మానంతే’ అన్న జవాబు మీ మనసుకు మొదట తోచి ఉంటుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఆ జవాబును దాదాపుగా ఒప్పుకోదు. ఆ చట్టంలోని ఆరో అధ్యాయం, లోపమున్న వస్తువు వల్ల మనిషికి గాయమైతే నష్టపరిహారం ఎవరు చెల్లించాలో చెబుతుంది. వ్యాపారంలో భాగంగా సరుకు అమ్మేవారినే కాక, మరమ్మతు చేసేవారిని, సిద్ధం చేసి అందించేవారిని కూడా చట్టం విక్రేతగానే లెక్కిస్తుంది. 86వ సెక్షన్ ప్రకారం, తయారీదారు కాని విక్రేత కూడా కొన్ని సందర్భాలలో బాధ్యుడవుతాడు. వస్తువును తాను మార్చి, ఆ మార్పే ప్రమాదానికి ముఖ్య కారణమైనప్పుడు, తనంతట తాను హామీ ఇచ్చి వస్తువు ఆ హామీకి తగ్గట్టు లేనప్పుడు, వస్తువును పరీక్షించడంలో తగిన జాగ్రత్త తీసుకోనప్పుడు బాధ్యత విక్రేతదే. మీ వ్యాపారానికి మరింత సూటిగా తగిలే సందర్భం ఇంకొకటి ఉంది. తయారీదారు ఎవరో తెలియని వస్తువును అమ్మితే, ఆ తెలియని తయారీదారు బాధ్యత విక్రేత మీదికే వస్తుంది. పాత ఇనుప కొట్టులో తూకానికి కొన్న మూకుడు ఏ ఊరి కొలిమిలో పోసిందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, అక్కడ కొన్న ప్రతి పాత్రకూ చట్టం ముందు నిలబడేది మీరొక్కరే.

ఇత్తడి బిళ్ల విషయం కూడా చెప్పాలి. ఇతరులు తయారుచేసిన వస్తువు మీద తన గుర్తు వేసుకున్నవారిని, అమ్మడానికి ముందు వస్తువును తిరిగి తయారుచేసిన వారిని కూడా అదే చట్టం తయారీదారు నిర్వచనంలో చేర్చింది. కాబట్టి మీ పేరు చెక్కిన బిళ్లను చూపించి, మిమ్మల్ని విక్రేతగా కాక తయారీదారుగానే పరిగణించాలని ఎదుటి లాయరు వాదించే అవకాశం బలంగా ఉంది. స్పష్టమైన హామీ ఇచ్చిన తయారీదారు, తన నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకున్నా, ఆ హామీ నిలవకపోతే బాధ్యత తప్పించుకోలేడు. పైగా తగిన పరీక్ష లేకుండా వస్తువు మన్నిక గురించి హామీ ఇవ్వడాన్ని చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. ‘తరతరాలు మన్నుతుంది’ అన్న మీ వాక్యం అక్కడ చిక్కుకుంటుంది.

ఇక ఆ వెంట్రుకవాసి గీత. పోత ఇనుముకు సాగే గుణం లేదు. ఉక్కు రేకు సొట్టపోతుంది కాని పోత ఇనుము విరుగుతుంది. సన్నని బీట మీద నూనె కాల్చి నల్లటి పొర ఎక్కిస్తే బీట మూసుకుపోదు, కంటికి కనపడకుండా పోతుంది, అంతే. ఆ తర్వాత పొయ్యి మీద వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం పెరుగుతూ ఉంటుంది. పోత పని తెలిసినవారు పాత్రను వేలి కణుపుతో మీటి చూస్తారు. నిండుగా ఉన్న పాత్ర గంటలా మోగుతుంది, బీట ఉన్నది పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన తర్వాత కూడా ఈ పాటి పరీక్ష చేయకుండా అమ్మారన్నది రుజువైతే, పరీక్షించడంలో జాగ్రత్త తీసుకోలేదన్న ఆరోపణకు మీ దగ్గర జవాబు ఉండదు. మీరు నాకు దాచకుండా రాశారు కాబట్టి నేనూ దాచకుండా చెబుతున్నాను.

అయితే ప్రమాదానికి కారణం ఆ పాత గీతేనా అన్నది ఇంకా తేలలేదు. కాగుతున్న మూకుడులో చన్నీళ్లు పడినా, ఇండక్షన్ పొయ్యి మీద ఒక్కసారిగా పెద్ద వేడి పెట్టినా, కింద పడేసినా పోత ఇనుము కొత్తగా విరగవచ్చు. వస్తువును తప్పుగా వాడినందువల్ల గాయమైతే విక్రేతకు బాధ్యత లేదని 87వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండింటిలో ఏది జరిగిందో విరిగిన ముక్కలే చెప్పగలవు. అప్పుడే విరిగిన చోట పోత ఇనుము శుభ్రమైన బూడిద రంగులో, పంచదార పలుకుల్లా మెరుస్తుంది. ఎప్పటినుంచో ఉన్న బీట గోడల్లో మాత్రం తుప్పు, మాడిన నూనె మసి పేరుకుని నల్లగా ఉంటాయి. కాబట్టి ముక్కలను తోమకుండా, పారేయకుండా, ఉన్నవి ఉన్నట్టు భద్రపరచమని మీ జవాబులోనే ఎదుటివారిని కోరండి. పరీక్ష అవసరమైన ఫిర్యాదుల్లో వస్తువును తగిన ప్రయోగశాలకు పంపే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ఆ పరీక్ష ఫలితం మీకు అనుకూలంగా రావచ్చు, ప్రతికూలంగానూ రావచ్చు.

నోటీసుకు జవాబు ఇవ్వకుండా ఊరుకోవద్దు. గీత లేదని మాత్రం రాయవద్దు. తెలిసి అబద్ధం రాసిన జవాబు, అసలు లోపం కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. విచారణ లేకుండా బాధ్యతను ఒప్పుకోనవసరం లేదు కాని, ఆవిడ వైద్యం ఖర్చు విషయంలో మాట్లాడడానికి మీరు సిద్ధంగా ఉన్నారని, మీ హక్కులకు భంగం లేకుండా, ఆ మాటలను సాక్ష్యంగా వాడుకోకూడదన్న షరతుతో రాయవచ్చు. సివిల్ వ్యవహారాలలో అలాంటి షరతు మీద చెప్పిన మాటను ఒప్పుకోలుగా తీసుకోరు. ఆవిడ ఆరోగ్యం ఎలా ఉందని అడగడం ఒప్పుకోలు కాదు, అడగండి. రాజీ కుదరకపోతే ఆవిడ తాను ఉన్న కాకినాడ జిల్లా కమిషన్‌లోనే, కారణం ఏర్పడిన తేదీ నుంచి 2 సంవత్సరాలలోపు, ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు కాబట్టి ఖర్చుకు భయపడి ఊరుకుంటారని అనుకోవద్దు. కమిషన్ దాకా వెళ్లినా మధ్యవర్తిత్వానికి పంపమని ఇద్దరూ కోరవచ్చు. కాలిన చేయి, పూర్తిగా తేలని కారణం ఉన్న ఈ తగాదాకు అదే తగిన దారి అని నా అభిప్రాయం.

సేకర్తగారి విషయంలో మీ పరిస్థితి ఇంకా బలహీనంగా ఉంది. గ్రిస్వోల్డ్ కంపెనీ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఎరీ పట్టణంలో 1865లో మొదలై 1957లో మూతపడింది. పాత్ర వెనుక పోతలోనే వేసిన ముద్రను బట్టి సేకర్తలు కాలాన్ని నిర్ణయిస్తారు. వలయంలో శిలువ ఉన్న ఆ ముద్ర పెద్దదిగా ఉంటే సుమారు 1920 నుంచి 1940 వరకు, చిన్నదిగా ఉంటే 1940 తర్వాత పోసిందని వారి లెక్క. మీరు పంపిన ఫొటోలో ఉన్నది చిన్న ముద్ర. ఆ లెక్కన అది వందేళ్లది కాదు.

‘తమ్ముడు చెప్పింది నమ్మాను’ అన్న మీ మాట నిజమే అనుకున్నా, అది ఇక్కడ ఉపయోగపడదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చూసి కొన్న సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. అమ్మినవారు మంచి మనసుతో పొరబడ్డారా, కావాలనే రాశారా అన్నది ఆ షరతుకు సంబంధించింది కాదు. కాంట్రాక్టు చట్టంలో మాత్రం మీకొక వాదన ఉంది. పొరపాటు వర్ణన వల్ల చేసుకున్న ఒప్పందాన్ని, సాధారణ శ్రద్ధతో నిజం తెలుసుకోగలిగిన వ్యక్తి రద్దు చేసుకోలేడని 19వ సెక్షన్ మినహాయింపు చెబుతుంది. ముద్ర ఫొటోలో స్పష్టంగా ఉంది, కొన్నది అనుభవమున్న సేకర్త కాబట్టి ఈ వాదన వినదగినదే. కాని వినియోగదారుల కమిషన్‌లో దాని మీద ఆధారపడమని నేను సలహా ఇవ్వను. ఆయన తన సేకరణ కోసమే కొన్నారు కాబట్టి వినియోగదారుడే. తిరిగి అమ్ముకోవడానికి కొని ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం ఆయనకు వర్తించేది కాదు. లోపమున్న సరుకును, బిల్లులో గడువు లేనప్పుడు, 30 రోజులలోపు వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. అసలు బిల్లే ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. ఇరవై రోజులకే అడిగిన ఆయనకు పెనం తీసుకుని 18,000 రూపాయలు రశీదు మీద తిరిగి ఇచ్చేయండి.

అదే పెనాన్ని ఉన్న వయసు రాసి మళ్లీ అమ్మవచ్చు. అసలు కంపెనీ ముద్ర ఉన్న సరుకును సక్రమంగా కొని తిరిగి అమ్మడం ట్రేడ్‌మార్కు ఉల్లంఘన కాదు. ఐతే స్థితి మార్చిన సరుకుపై ట్రేడ్‌మార్కు యజమాని అభ్యంతరం చెప్పే వీలు 1999 చట్టం 30వ సెక్షన్‌లో ఉంది. మరమ్మతు చేసిన హార్డ్ డిస్కుల మీద 2024లో ఢిల్లీ హైకోర్టు, సరుకు మరమ్మతు చేసిందన్న సంగతిని కొనేవారికి స్పష్టంగా తెలపాలన్న షరతులతో అమ్మకానికి అనుమతించింది. తుప్పు తీసి, కొత్తగా నూనె పట్టించిన సంగతి మీరూ రాయాలి. ఇంకొక మాట. తమ్ముడు సొంత సామానులో తెచ్చింది మీ వంటింటికైతే ఇబ్బంది లేదు. అమ్మకం కోసం తెప్పిస్తే మాత్రం అది ప్రయాణికుల సామాను కాదు. వాడిన సరుకుల దిగుమతి మన విదేశీ వాణిజ్య విధానంలో అనుమతి ఉంటేనే చెల్లుతుంది కాబట్టి ఆ దారి మానండి.

డల్లాస్‌కు పంపే పెనాల విషయంలో కొరియరువారు అడిగింది సబబే. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో చేశారు, 1976లో అమలులోకి వచ్చింది. వందేళ్లకు తక్కువ కాకుండా ఉన్న కళాకృతి లేదా పనితనం చూపే వస్తువు, గతకాలపు వృత్తులను, ఆచారాలను తెలిపే వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. దోసెలు పోసుకునే పెనం కూడా ఆ మాటల్లో ఇముడుతుందా అన్న అనుమానం న్యాయమైనదే. దాన్ని మీరుగాని నేనుగాని తేల్చలేము. ఒక వస్తువు పురావస్తువా కాదా అన్న ప్రశ్న వస్తే నిర్ణయం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ డైరెక్టర్ జనరల్ లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారిదేనని 24వ సెక్షన్ చెబుతుంది. పురావస్తువును ప్రైవేటు వ్యక్తి దేశం దాటిస్తే శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా. అందుచేత సర్వేక్షణ సంస్థ సర్కిల్ కార్యాలయంలో విచారించి, వస్తువులను చూపించి, నాన్ ఆంటిక్విటీ సర్టిఫికెట్, అంటే పురావస్తువు కాదన్న పత్రం, తీసుకున్నాకనే పంపండి.

ఇక్కడే మీ ప్రకటనలోని ఆ మాట మళ్లీ ఎదురవుతుంది. పురావస్తువుల వ్యాపారానికి 5వ సెక్షన్ కింద లైసెన్సు ఉండాలి. మీరు ప్రతి పెనానికీ ‘వందేళ్ల నాటి పురాతన వస్తువు’ అని రాసుకుంటూ పోతే, ఆ మాట అబద్ధమైతే కొనుగోలుదారుకు జవాబు చెప్పుకోవాలి, నిజమైతే లైసెన్సు ఎక్కడని అడిగే అధికారికి చెప్పుకోవాలి. తెలియని వయసును రాయకండి. ‘పాత పోత ఇనుప పెనం, తయారీ కాలం తెలియదు’ అన్న మాటకు కొనేవారు దొరుకుతారు.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. వాడిన సరుకును స్వభావం మారకుండా కొద్దిపాటి శుద్ధి చేసి అమ్మే నమోదిత వ్యాపారి, కొన్న ధరకు అమ్మిన ధరకు మధ్య ఉన్న తేడా మీదే జీఎస్టీ చెల్లించే వెసులుబాటు 32వ నిబంధనలో ఉంది. కొనుగోలు మీద పన్ను మినహాయింపు తీసుకోకూడదన్నది దాని షరతు. పక్క రాష్ట్రానికి సరుకు అమ్మేవారికి అమ్మకాల పరిమితితో పని లేకుండా నమోదు అవసరం కావచ్చు. హైదరాబాదు అమ్మకం అలాంటిదే కాబట్టి ఒక ఆడిటరును కలవండి.

మీ అటకల మీద ఇంకా అమ్మకానికి ఉన్న పాత్రలను ముందు ఒక్కొక్కటిగా మీటి చూడండి, సూర్యకాంతిలో భూతద్దంతో అంచులు పరీక్షించండి. సీసం కరిగించడానికి వాడిన మూకుడు పాత సామానులో కలిసి రావచ్చు కాబట్టి సీసం పరీక్ష కూడా చేయించండి. బీట ఉన్నదాన్ని వంటకు అమ్మవద్దు. అలంకరణకు అమ్మితే ‘పొయ్యి మీద పెట్టరాదు’ అని బిల్లులోనూ, పాత్ర మీద చీటీలోనూ రాయండి. పరీక్ష చేసిన తేదీని, ఫొటోలను పాత్రవారీగా ఒక పుస్తకంలో ఎక్కించండి. ఇప్పటికే పెట్టిన ప్రకటనలలో మన్నిక, వయసు గురించిన వాక్యాలను ఇకముందు సవరించండి. కాని నోటీసు వచ్చిన మూకుడుకు, సేకర్తకు అమ్మిన పెనానికి సంబంధించిన పాత ప్రకటనలను, సందేశాలను తొలగించకండి. వాటి ప్రతులు తేదీలతో సహా తీసి, మీ తరఫున జవాబు రాసే న్యాయవాదికి నోటీసులో ఇచ్చిన గడువు ముగియకముందే అందించండి.