మా నాయన జార్జియాలో తిన్న సంకటి

"అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇంటి వంటలాంటి తిండి పెట్టే హోటళ్ళు ఉంటాయట. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు అవి నచ్చుతాయా, డబ్బులు దండగా?" అని ఒకరు అడిగారు. నచ్చుతాయి. బిర్యానీ హోటల్ కంటే ముందు అక్కడికే తీసుకెళ్ళండి.

నేను జార్జియాకు వచ్చి పదకొండేళ్ళయింది. అందులో ఆరేళ్ళు ఆ హోటళ్ళ ముందు నుంచే కారులో పోయి, నలభై మైళ్ళ అవతల బఫేలో పనీర్‌కీ చికెన్‌కీ ఒకటే గ్రేవీ పోసిన కూరలు తిన్నాను. ఇప్పటికీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా "పేరెంట్స్ వచ్చారు, ఎక్కడికి తీసుకెళ్ళాలి?" అని అడిగితే పది బిర్యానీ పేర్లు వస్తాయి. వాళ్ళు విమానంలో ఇరవై గంటలు కూర్చుని వచ్చింది బిర్యానీ తినడానికా?

మా నాయనది అనంతపురం జిల్లాలో చెనిక్కాయ (వేరుశనగ) సేద్యం. రెండేళ్ళ కింద సెప్టెంబరులో అమ్మతో కలిసి వచ్చాడు. మూడు వారాలు పిజ్జాలు, బర్గర్లు చూసి, "ఈ దేశంలో పొయ్యి మీద కుండ పెట్టేవాళ్ళే లేరాప్పా?" అని అడిగాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ వారమే ఫ్లోరిడా నుంచి తిరిగి వస్తున్నాం. ఐ-75 హైవే మీద టిఫ్టన్ ఊరు దాటాక ఆకలై, ఎగ్జిట్ తీసుకుని ఒక చిన్న హోటల్ ముందు ఆగాం. రేకుల కప్పు, ముందర రైతుల ట్రక్కులు. లోపల పలక మీద ఆ రోజు వంటలు సుద్దముక్కతో రాసి ఉన్నాయి. ఒక మాంసం, మూడు కూరలు, పక్కన కార్న్‌బ్రెడ్ అనే మొక్కజొన్న రొట్టె. దీన్ని వాళ్ళు మీట్ అండ్ త్రీ అంటారు. మనిషికి 15 డాలర్లలోపే అయింది.

అరవై ఏళ్ళ నల్లజాతి ఆవిడ వచ్చి నాయనను "హనీ" అని పిలిచింది. ఆయన ఏమందని అడిగితే, "మన ఊళ్ళో నాయనా, అబ్బోడా అన్నట్టు" అని చెప్పాను. అప్పటికి ఆయన ముఖం కాస్త విప్పారింది.

పళ్ళెం వచ్చింది. వేయించిన కోడి ముక్క, బొబ్బర్లు, కాలర్డ్ ఆకుకూర, గ్రిట్స్. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వను నీళ్ళలో నిదానంగా ఉడికించింది. జార్జియా 2002లో దాన్ని తమ రాష్ట్ర వంటకంగా ప్రకటించుకుంది కూడా. నాయన స్పూన్ పక్కన పెట్టేశాడు. వేలితో కొంచెం తీసి నోట్లో పెట్టుకుని, "ఇది మన సంకటే గదప్పా, రవంత పల్చనైంది" అన్నాడు. తర్వాత చేసింది నేను మరిచిపోలేను. గ్రిట్స్ మధ్యలో బొటనవేలితో గుంట చేసి, ఆకుకూర గిన్నె వంచి, అందులోని రసం ఆ గుంటలో పోసుకున్నాడు. ఇంట్లో సంకటి ముద్దలో పులుసు పోసుకున్నట్టే. బల్ల మీద చిన్న పచ్చిమిరపకాయలు వెనిగర్‌లో ఊరేసిన సీసా ఉంటే అదీ చల్లుకున్నాడు.

నాకు టెన్షన్ మొదలైంది, చేత్తో తింటుంటే చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారో అని. ఆవిడ దూరం నుంచి చూసి, లోపలికి వెళ్ళి, చిన్న గిన్నెలో ఇంకొంచెం రసం పట్టుకొచ్చి పెట్టింది. "ఇది ఎలా తినాలో ఈయనకు తెలుసు" అంది. ఆ రసాన్ని పాట్ లికర్ అంటారు. ఆకు గంటల తరబడి ఉడికాక కుండలో మిగిలేది. సారమంతా అందులోనే ఉంటుందని, తమ ఇంట్లో పిల్లలకు కార్న్‌బ్రెడ్ ముంచి పెట్టేవాళ్ళమని చెప్పింది.

ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదని నాకు తర్వాత అర్థమైంది. ఇది పొలంలో పనిచేసినవాళ్ళ తిండి. బెండకాయ, బొబ్బర్లు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా మనుషులతో పాటు అమెరికాకు వచ్చాయి. గంబో అనే వంటకం పేరు కూడా ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న పేరే. ఆ బొబ్బర్లే మన అలసందలు. అవీ వేల ఏళ్ళ కింద ఆఫ్రికా నుంచి మనకు చేరినవే. ఒకే గింజ రెండు దిక్కులకూ పోయింది. అట్లాంటాలో పాస్కల్స్ అని 1947లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన హోటల్ ఉంది. మార్టిన్ లూథర్ కింగ్, ఆయన తోటివాళ్ళు అక్కడ కూర్చుని నల్లజాతివాళ్ళ హక్కుల ఉద్యమం గురించి మాట్లాడుకునేవాళ్ళు. అలాంటి చోట్లను వదిలేసి ఫుడ్ కోర్టులో పిజ్జా తినిపించి "అమెరికా చూపించాం" అనడం నాకు నచ్చదు.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. అమ్మ మాంసం ముట్టదు. అంతకు ముందు వారం హైవే పక్కన వేరే హోటల్‌లో "అన్నీ కూరగాయలే" అని చెప్పి పెట్టిన బీన్స్‌లో పంది ముక్క వచ్చింది. అమ్మ పళ్ళెం జరిపేసి, ఆ పూట మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. ఆ రోజు నా మీద నాకు వచ్చిన కోపం ఇంకా ఉంది. ఇక్కడ ఆకుకూరలో, బీన్స్‌లో, బొబ్బర్లలో పంది మాంసమో పొగపెట్టిన టర్కీ కోడి మాంసమో వేయడం మామూలే. మెనూలో రాయరు. "మాంసం ఉందా" అని కాకుండా "దేని రసంలో ఉడికించారు, ఏ నూనెలో వేయించారు" అని అడగండి. టిఫ్టన్ దగ్గర ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చి, అమ్మకు వేయించిన బెండకాయ, గెనుసుగడ్డ, టమాటా ముక్కలు, మ్యాక్ అండ్ చీజ్ (చీజ్ కలిపిన మాకరోనీ) పెట్టించింది. మ్యాక్ అండ్ చీజ్‌ను వాళ్ళు కూరగాయల లెక్కలోనే రాస్తారు, కంగారు పడకండి. స్వీట్ టీ మాత్రం షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు ఇప్పించొద్దు. పానకం అది.

బయటికి వస్తుంటే రోడ్డు పక్కన ఒకాయన పెద్ద కుండలో ఉప్పు వేసి చెనిక్కాయలు ఉడకేస్తున్నాడు. అమెరికాలో పండే చెనిక్కాయల్లో సగం దాకా జార్జియాలోనే పండుతాయి. నాయన ఒక కాయ ఒలిచి, రెండు గింజలు అరచేతిలో వేసుకుని ఎండకు పట్టి చూశాడు. "మన కదిరి ఆరు రకం కంటే కాయ లావుంది. తీగ రకమేమో అడుగు" అన్నాడు. అడిగితే, అవును, నేల మీద పాకే రకమే అన్నాడాయన. ఇద్దరికీ నేను మధ్యలో తర్జుమా చేస్తూ అరగంట నిలబడ్డాను. వాన గురించి, కూలి రేట్ల గురించి, అడవి పందుల గురించి మాట్లాడుకున్నారు. అమ్మ కారులో కూర్చుని ఇంకో సంచి కాయలు తినేసింది.

మొన్న ఫోన్‌లో, మా చేనులో వానల్లేక, కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగలేదని చెప్పి, కాసేపాగి అడిగాడు: "ఆడ ఆ హోటల్ పక్కన, కాయ పీకినారా?"