గిరినాగు కోసం ఆగుంబె వెళ్లొచ్చా?

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. పాములంటే ప్రాణం. కర్ణాటకలోని ఆగుంబె రీసెర్చ్ స్టేషన్‌కు తీసుకెళ్లమని ఒకటే గొడవ. దసరా సెలవుల్లో వెళితే గిరినాగు (కింగ్ కోబ్రా) కనిపిస్తుందా? పిల్లాడితో అడవిలోకి అంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండమ్మా. గిరినాగును చూపిస్తానని మాత్రం బాబుకు మాటివ్వకండి. అది జూ కాదు, రిసార్టూ కాదు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో కొద్దిపాటి ప్రైవేటు స్థలంలో మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం. 2008 నుంచి గిరినాగుల ఒంట్లో చిన్న ట్రాన్స్‌మీటర్లు అమర్చి, యాంటెన్నాలు పట్టుకుని వాటి వెంట అడవిలో నడిచారు. పట్టుకుని దూరంగా వదిలేసిన పాము కుదురుగా ఉండలేక ఎటెటో తిరుగుతుందని అలా తెలిసింది. మాడుగుల, పాడేరు వైపు గిరినాగులు ఇళ్లలోకి వస్తుంటాయి కాబట్టి ఇది మనకూ పనికొచ్చే సంగతే.

పాముల్లో ఆకులు పోగేసి గూడు కట్టేది గిరినాగు ఒక్కటే. వేసవిలో గుడ్లు పెడుతుంది, వానలు పడే వేళకు పిల్లలు బయటికొస్తాయి. దసరాకు ఆ సందడంతా అయిపోతుంది. అయినా చూడాల్సినవి బోలెడు. వక్కతోటల్లో చెట్టు నుంచి చెట్టుకు తేలిపోయే ఎగిరే తొండలుంటాయి. రాత్రి టార్చి వేస్తే కప్పలే కప్పలు. నేను వెళ్లినప్పుడు బాట పక్కన మోకాలెత్తు కొమ్మ మీద మలబార్ పిట్ వైపర్ అనే పాము ఒకటి కనిపించింది. మర్నాడు చూస్తే అదే కొమ్మ, అదే వంపు, తల అటే! కప్ప దగ్గరికొచ్చేదాకా అలాగే కాచుకుంటుందట. పెద్ద పాముకన్నా బాబుకు ఈ ఓపికే ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం.

ఆ పిట్ వైపర్ విషప్పాము. అందుకే స్టేషన్ వాళ్లు ముందు నడిస్తేనే అడుగెయ్యండి. ఆకుల్లో చెయ్యి పెట్టనివ్వకండి. గమ్ బూట్లు, జలగలు ఎక్కకుండా పొడుగు మేజోళ్లు ఉండాలి. ఉడిపి నుంచి ఘాట్ రోడ్డులో సుమారు 55 కిలోమీటర్లు. చెప్పకుండా వెళ్లి గేటు దగ్గర నిలబడితే వాళ్ల పనికి అడ్డం. ముందే ఉత్తరం రాసి, ఏ వయసు పిల్లలను రానిస్తారో, బస ఉంటుందో లేదో కనుక్కున్నాకే టికెట్లు తీసుకోండి.