టీమ్ లీడ్ చేస్తామంటున్నారు, మా అబ్బాయి వద్దంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఆరేళ్లుగా రుషికొండ ఐటీ హిల్స్‌లో ఓ కంపెనీలో ప్రోగ్రామర్. ఇప్పుడు ఏడుగురి టీమ్‌కి లీడ్‌గా వేస్తామంటున్నారు. అందులో ఇద్దరు వాడికన్నా సీనియర్లు. ‘నాకు కోడింగ్ ఇష్టం, మనుషుల్ని చూసుకోవడం నా వల్ల కాదు’ అంటున్నాడు. నేను స్టీల్ ప్లాంట్‌లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. కాదంటే ప్రమోషన్ మళ్లీ రాదేమోనని టెన్షన్. ఎంబీఏ చేయిస్తే ధైర్యం వస్తుందా?
- ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఎంబీఏ సంగతి ముందు తేల్చేద్దాం. ఇప్పుడు వద్దు. విశాఖ శివారు గంభీరంలో ఉన్న ఐఐఎం ఎక్కడికీ పోదు. రెండు మూడేళ్లు లీడ్‌గా చేశాక, బడ్జెట్లూ క్లయింట్లూ చూడాల్సి వస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

అసలు విషయం, ఈ పని మీరు చేసిన సూపర్‌విజన్ లాంటిది కాదు. మీకు షిఫ్టు దిగేసరికి ఎన్ని టన్నులు వచ్చాయో లెక్క ఉండేది. ప్రోగ్రామర్ రోజంతా స్క్రీన్ చూస్తూ కూర్చుని సాయంత్రానికి కోడ్‌లో అక్కర్లేని ఇరవై లైన్లు తీసేస్తే, ఆ వారంలో జరిగిన మంచి పని అదే కావచ్చు. లైన్లు లెక్కపెట్టి ఎవరు బాగా చేస్తున్నారో చెప్పలేం. పని వెనకబడిందని ఇంకో నలుగుర్ని వేసినా లాభం లేదు. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ మాట రాశారు: ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో మనుషుల్ని పెంచితే అది ఇంకా ఆలస్యమవుతుంది. కొత్తవాళ్లకి నేర్పాల్సింది పని మీదున్న పాతవాళ్లే కదా. పైగా ఐదుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10, పదిమందైతే 45.

మరి లీడ్ చేసేదేమిటి? చాలావరకు, చెడు కబురు ముందే రాబట్టడం. ఓ కుర్రాడు సోమవారం మీటింగులో ‘రెండ్రోజుల్లో అయిపోతుంది’ అంటాడు. బుధవారమూ అదే మాట, శుక్రవారమూ అదే. గట్టిగా అరిచారనుకోండి, తర్వాతి వారం ‘అయిపోయింది’ అనేస్తాడు, బండారం టెస్టింగ్‌లో బయటపడుతుంది. పక్కన కూర్చుని ‘ఎక్కడ ఆగింది, చూపించు’ అంటే, కోడ్‌ని పరీక్షించే టెస్ట్ సర్వర్ వాడుకోవడానికి అనుమతి రాక వారంగా ఆగిపోయాడని తెలుస్తుంది. అడగడానికి మొహమాటం. (ఈ మొహమాటం మన కాలేజీల్లోంచే మోసుకొస్తారు.) లీడ్ ఒక్క ఫోన్ చేస్తే పని కదులుతుంది.

కోడ్ రివ్యూ, అంటే టీమ్‌వాళ్లు రాసిన కోడ్ చదివి తప్పులు చెప్పడం, కూడా అంతే. ‘ఇలాగేనా రాసేది?’ అని రాయొచ్చు, ‘ఈ లిస్టు ఖాళీగా వస్తే ఏమవుతుంది?’ అని రాయొచ్చు. పట్టుకున్న తప్పు ఒకటే. రెండోదైతే గంటలో సరిచేసి పంపిస్తాడు, మొదటిదైతే ఇకమీదట రివ్యూకి పంపడమే వాయిదా వేస్తాడు. ఆ ప్రశ్న అడగాలంటే కోడ్ చదవడం రావాలి. కాబట్టి మీవాడికి కోడింగ్ ఇష్టమన్నది అడ్డంకి కాదు, అర్హతే. ప్రమాదం ఇంకోచోట ఉంది. జూనియర్ తడబడుతుంటే చూడలేక, ఆ పని తనే రాత్రి పదకొండింటిదాకా కూర్చుని పూర్తిచేసే లీడ్లు చాలామంది. అలా చేస్తే టీమ్‌కి పని రాదు, అతనికి నిద్ర ఉండదు. గూగుల్ తన మేనేజర్లను పరిశీలించి మంచి మేనేజర్ లక్షణాలు 8 తేల్చినప్పుడు సాంకేతిక నైపుణ్యం ఆ జాబితాలో చివర నిలిచింది, మంచి కోచ్‌గా ఉండడం మొదట.

సీనియర్లు ఇద్దరి గురించి మీరే చెప్పగలరు. మిల్లులో వయసులో పెద్దవాళ్లతో పని చేయించే ఉంటారు. వాళ్లకి తెలిసిన విషయంలో వాళ్ల సలహా ముందు అడగడం, నిర్ణయం మాత్రం తను తీసుకోవడం. అంతకుమించి మంత్రమేమీ లేదు.

జూనియర్లు డౌట్లు వస్తే ఇప్పటికే మీ అబ్బాయి సీటు దగ్గరికే వస్తున్నారా? వస్తుంటే ఆరు నెలలు చేసి చూడమనే నా ఓటు. వాళ్లొస్తే విసుక్కునే రకమైతే బలవంతపెట్టకండి, నష్టపోయేది ఏడుగురూనూ. ఒప్పుకునే ముందు అతన్నే వెళ్లి మేనేజర్‌ని అడగమనండి: కోడ్ రాయడానికి రోజులో ఎంత సమయం మిగులుతుంది, అప్రైజల్స్ తనే రాయాలా, ఆరు నెలల తర్వాత వద్దనుకుంటే పాత పనికి వెళ్లొచ్చా. మేనేజర్ కాకుండానే ఆర్కిటెక్ట్ (సాఫ్ట్‌వేర్ డిజైన్ చూసే సీనియర్) దాకా ఎదిగే దారి, దానికి తగ్గ జీతం ఆ కంపెనీలో ఉన్నాయా అని కూడా. చిన్న కంపెనీల్లో ఆ హోదాలు ఒక్కోసారి పేరుకే ఉంటాయి. కాబట్టి ఆ దారిలో ఇప్పటికే ఎదిగినవాళ్లు ఆ ఆఫీసులో ఎవరున్నారో చూపించమనండి.