ఎడతెగని ప్రార్థన ఎలా?

ప్రశ్న: రోజూ తెల్లవారుజామున గంటసేపు ప్రార్థించాలని మొదలుపెడతాను. వారం తిరగకుండానే ఆగిపోతుంది. "యెడతెగక ప్రార్థన చేయుడి" అన్నది నాలాంటివారికి సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. మీరు తడబడుతున్నది ఆ గంట దగ్గరే. పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఆ మాట ఉన్న బైబిల్ వచనం, 1 థెస్సలొనీక 5:17, రోజంతా మోకాళ్లపై ఉండమనడం లేదు, మానేయవద్దంటోంది. రాజు కొలువులో అధికారిగా ఉన్న దానియేలు ప్రవక్త కూడా రోజుకు ముమ్మారు ప్రార్థించి మిగతా వేళ రాజ్యపు పనులు చూసుకున్నాడు.

మాటలు దొరక్కపోతే కీర్తన తెరవండి. 23వ కీర్తనలో "యెహోవా నా కాపరి" అని చదివి అక్కడే ఆగి, "ప్రభువా, ఇవాళ ఫలానా పనిలో నాకు దారి తెలియడం లేదు, నడిపించు" అనండి. ఒక్క వచనానికే రెండు నిమిషాలు పడుతుంది. మనసు చెదిరితే పెదవి కదిపి, వినబడేలా ప్రార్థించండి. మధ్యలో గుర్తొచ్చిన పనిని కాగితంమీద రాసి పక్కన పెట్టండి. ఫోన్ మాత్రం వేరే గదిలోనే!

పగటిపూట తలుపు తీసేటప్పుడో, మెట్లెక్కేటప్పుడో "ప్రభువా, కరుణించు" అంటే చాలు. ఒకరోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయకండి. అలా అప్పు తీర్చబోయే చాలామంది మానేస్తారు.